వార్తకు పూచీ యెవరు?

విన్న ప్రతిమాటయు వార్త గాదు. విచారించి, నిజమని తేల్చుకొని, పదుగురకు దెలుపదగినదని యెంచి, తన పేర ప్రకటించినదే వార్త యనదగును. సంతలో బుట్టిన మాటకు పూచీ పడువా డుండడు. వార్త కట్టివా డొకడు ఉండితీరవలయును. నేడు మన చెరుకుపల్లి బజారున నైనను, పొలము గట్టున నైనను సెల్లుఫోను చేత లేనివారు అరుదు. లోకవృత్తాంతములు పలువురకు పత్రికకంటె ముందు దానియందే కానవచ్చుచున్నవి. కావున ఈ భేదమును మన విద్యార్థులు బాగుగ గ్రహింపవలసి యున్నది.

మన దేశమున 1867 నాటి శాసనమును, దాని సవరణలును పత్రికపై ముద్రించినవాని పేరును, యజమాని, సంపాదకుల పేర్లును, ముద్రణస్థలమును అచ్చువేయవలెనని విధించినవి. 2024 మార్చి 1 నుండి దానికి మారుగ క్రొత్త శాసనము అమలులోనికి వచ్చినది. పత్రికను రిజిష్టరు చేయింపవలెనను నియమము మాత్రము నిలిచియే యున్నది. అసత్యము వ్రాసినచో నెవరి నడుగవలయునో జనులకు దెలియుటకే ఈ యేర్పాటు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను వారపత్రికగ స్థాపించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగ నడిపిరి. అంతకు ముందే, 1893లో, వారు అమృతాంజనము నమ్మ నారంభించిరి. మందు నమ్మువారును, పత్రిక నడుపువారును ఒక్కరేయని లోకమున కెరుకయే. ఆ సంగతి యెరిగిన పాఠకుడు దేని నెంతవరకు నమ్మవలయునో తానే తూచుకొనగలడు.

నేడు ఇన్‌ఫ్లుయెన్సర్లు అనబడు వారు సామాజిక మాధ్యమములలో లక్షలమందితో మాటలాడుచున్నారు. వారిలో రైతులకును, విద్యార్థులకును మేలుచేయువారు లేకపోలేదు. అయితే వారి రాబడి చూచువారి సంఖ్యను బట్టియు, వ్యాపారు లిచ్చు సొమ్మును బట్టియు నుండును. ఆశ్చర్యము గొల్పు మాటను వేలమంది చూతురు; నిజము విచారించుటకు ఆగినవాడు వెనుకబడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. సొమ్ము పుచ్చుకొని పొగడువాడు ఆ సంగతి స్పష్టముగ దెలుపవలెనని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిలు 2021లోను, కేంద్రప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలోను నియమములు ప్రకటించినవి.

పత్రికలన్నియు నిర్దోషములని మేము చెప్పము. 2009 ఎన్నికలలో అభ్యర్థుల సొమ్ము పుచ్చుకొని ప్రకటనలను వార్తలుగ అచ్చువేసిరని అప్పటి ఆంధ్రప్రదేశమున గొప్ప యలజడి పుట్టెను. దానిని విచారించుటకు ప్రెస్ కౌన్సిలు పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి గార్లను నియమింపగా, వారు 2010లో నివేదిక సమర్పించిరి. వారిద్దరును పత్రికారచయితలే. తమవారి తప్పును తామే వెలికిదీయు ఈ యలవాటే పత్రికావృత్తికి గౌరవము.

అసత్యవార్త ప్రాణములు దీయును. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని వాట్సాపున వదంతులు ప్రబలి, తెలుగునాటను, ఇతర రాష్ట్రములందును నిరపరాధులు గుంపులచేత హతులైరి. అప్పుడు గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగ నున్న రెమా రాజేశ్వరిగారు పోలీసువారిని ఊరూరికి బంపి, పాటలతోను డప్పులతోను నిజము చాటించిరి. అదే సంవత్సరమున వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపరాకుండ కట్టుబాటు చేసెను.

సత్యవార్త ప్రాణములు నిలుపును. ఈ సంగతి మన తీరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. తుపాను రాకను వాతావరణశాఖ సుమారు 72 గంటల ముందునుండి దశలవారీగ దెలుపును. అట్టి సమయమున పాత చిత్రమును నేటిదని యెవడైన బంపినచో, వరి కోసి పనలమీద నుంచిన రైతును, వేటకు సిద్ధమైన మత్స్యకారుని వాడు త్రోవ దప్పించినవా డగును.

విద్యార్థులారా, ఏ సంగతి మీ కంటబడినను నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పినవా రెవరు? తాము చూచిరా, పరులవలన వినిరా? చెప్పుటవలన వారికి గలుగు లాభమేమి? తప్పని తేలినచో దిద్దుకొందురా? సరియైన జవాబు దొరకనిచో దానిని ఇతరులకు బంపకుడు. తలిదండ్రులును ఇంట నీ నియమమును పాటింతురుగాక. ఒక సంగతిని పరులకు బంపిన క్షణమున మనమును ప్రకాశకులమే యగుదుము. మన పేరు దానిపై అచ్చుపడకున్నను పూచీ మనదే.