వాహనములలో రెండువైపుల రేడియో

పశ్చిమ ఆస్ట్రేలియాలో గనులకు పోవు రహదారులపై ‘రోడ్ ట్రెయిన్’ అను పెద్ద లారీలు తిరుగుచుండును. ఒక ఇంజను బండి వెనుక అనేక పెట్టెలు తగిలించిన ఈ వాహనముల పొడవు 53.5 మీటర్లు, కొన్నింటికి అంతకు మించియు ఉండవచ్చును. అట్టి లారీ వెనుక ధూళిలో చిక్కుకొన్న చిన్న కారుకు ముందు దారి కనబడదు. ఆ ప్రాంతములలో పెక్కుచోట్ల సెల్‌ఫోను పనిచేయదు. పనిచేసినను ముందున్న డ్రైవరు నంబరు ఎవరికి తెలియును? కారు నడుపువారు రేడియోలో 40వ ఛానెలుపై “దాటవచ్చునా?” అని అడుగుదురు. “ఎదుట బండి వచ్చుచున్నది, ఆగుడు” అని జవాబు వచ్చినచో, ఆ నాలుగు మాటలే ప్రాణములు నిలుపును.

ఇట్టి రేడియోను కొనుటకు ముందు ధరను గాని వాట్లను గాని చూడరాదు. ఎవరితో మాట్లాడవలసి ఉన్నదో మొదట తేల్చుకొనవలెను.

ఆస్ట్రేలియాలో 477 మెగాహెర్ట్జుల ప్రాంతమున 80 ఛానెళ్లు ప్రజలందరికిని వదలబడినవి. 1977లో ఈ ఏర్పాటు ప్రారంభమైనప్పుడు 40 మాత్రమే ఉండెను. 2011 నుండి ఛానెళ్ల నడుమ ఎడమును 25 కిలోహెర్ట్జుల నుండి 12.5కు తగ్గించి సంఖ్యను రెట్టింపు చేసిరి. వీనిని వాడుటకు ఎవరికి వారు లైసెన్సు తీసుకొన నక్కరలేదు. కాని శక్తి 5 వాట్లకు మించరాదు. 5, 35 ఛానెళ్లు ఆపదలో ఉన్నవారికే ప్రత్యేకింపబడినవి. 22, 23 ఛానెళ్లు యంత్రసంకేతములకు, వానిపై మాట్లాడరాదు. 40వది చాలవరకు లారీ డ్రైవర్ల ఛానెలు.

గనులు, పెద్ద పశువుల క్షేత్రములు, రవాణా సంస్థలు మున్నగువారు తమ పనికై వేరు పౌనఃపున్యమును ప్రభుత్వము వద్ద రుసుము చెల్లించి పొందుదురు. ప్రజా ఛానెలు ఊరి రచ్చబండ వంటిది. ఎవరైనను వచ్చి కూర్చుండవచ్చును. లైసెన్సు ఛానెలు సొంత యింటి గది వంటిది. అయితే ఈ గదికి గోడలు పలుచన. తగిన గ్రాహకము గలవారు బయటినుండి వినగలరు. లైసెన్సు వలన కలుగు లాభము రహస్యము కాదు, ఇతరుల రొద తగ్గుట.

రెండు విధముల ఛానెళ్లును కావలసినవారు ఒక సంగతి గమనింపవలెను. అంగడిలో దొరకు కొన్ని రేడియోలు సొంత ఛానెళ్లను వినిపించును గాని వానిపై ప్రసారము చేయలేవు. ప్రసారము చేయగలవానిలో కూడ లైసెన్సుదారుని అనుమతితోనే ఆ పౌనఃపున్యమును నింపవలెను. లైసెన్సు ఛానెలుపై ఎక్కువ శక్తికి అనుమతి ఉన్నను, అదే యంత్రము ప్రజా ఛానెలుకు మారినప్పుడు 5 వాట్లకు దిగవలసినదే.

ఎక్కువ వాట్లున్న ఎక్కువ దూరము పోవునని పలువురు తలంతురు. ఈ తరంగములు దాదాపు తిన్నగా పోవును. భూమి గుండ్రని దగుటచే దిగంతము వాని కడ్డువచ్చును. ఏరియలు ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.12తో హెచ్చించినచో దాని రేడియో దిగంతము కిలోమీటర్లలో వచ్చును. 2 మీటర్ల ఎత్తు ఏరియలుకు ఇది సుమారు 6 కిలోమీటర్లు. అట్టి రెండు కార్ల నడుమ, చదునైన నేలపై, సుమారు 12 కిలోమీటర్లు. అదే 300 మీటర్ల కొండపై నున్న రిపీటరుకు కారునుండి సుమారు 77 కిలోమీటర్లు! రిపీటరు ఒక ఛానెలుపై విన్న మాటను వెంటనే వేరొక ఛానెలుపై తిరిగి పలుకును. అందుచేత ఈ సౌకర్యమును వాడగల రేడియోను ఎన్నుకొనుట వాట్లకు వెచ్చించుటకన్న మేలు.

ఇక ఏరియలు. తక్కువ గెయిను గల ఏరియలు నుండి వెలువడు శక్తి గారె ఆకారమున నలుదెసలకును, కొంత పైకిని క్రిందికిని వ్యాపించును. ఎక్కువ గెయిను ఏరియలు ఆ గారెను అప్పడమువలె చదును చేయును. శక్తి పెరుగదు, దిగంతమువైపు కేంద్రీకరింపబడును. చదునైన మైదానమున అప్పడము మంచిది. కొండలలో లోయనుండి శిఖరమునకు పలుకవలెనన్న గారెయే మంచిది. కావుననే మైదానములకు 6 డెసిబెళ్లు, అంతకు మించినవి, కొండలకు 3 డెసిబెళ్ల ప్రాంతమువి వాడుదురు.

477 మెగాహెర్ట్జుల తరంగదైర్ఘ్యము సుమారు 63 సెంటీమీటర్లు. ఏరియలు పొడవు ఈ కొలతను బట్టి కత్తిరింపబడును. సొంత ఛానెలు దీనికి చాల దూరమున, ఉదాహరణకు 410 మెగాహెర్ట్జుల వద్ద ఉన్నచో, అదే ఏరియలు సరిపడదు. కొంత శక్తి బయటకు పోక యంత్రమునకే మరలివచ్చును. రెండు పౌనఃపున్యములకును తగిన ఏరియలును కోరి తీసుకొనవలెను.

పెక్కు రేడియోలలో, మాటతోపాటు చెవికి తెలియని ఒక మంద్రస్వరమును పంపు ఏర్పాటు గలదు. ఆ స్వరము లేని మాటలను రేడియో వినిపించదు. దీనిని రహస్యమని భ్రమపడరాదు. తన చెవులు మూసికొన్నంతమాత్రమున ఇతరుల చెవులు మూతపడవు. పైగా ఆ ఛానెలుపైననే ఎవరైన సాయము కోరి పిలిచినను వినబడదు. రహదారిపై దానిని ఆపివేయుట మంచిది.

చివరగా, 5వ ఛానెలుపై ఎవరో ఒకరు సదా వినుచుందురను హామీ లేదు. మనుష్యసంచారము లేని ఎడారికి పోవువారు ఉపగ్రహ ఫోనును గాని, అయనోమండలమున పరావర్తనము చెందు హ్రస్వతరంగముల రేడియోను గాని తోడు తీసుకొనవలెను. వాహన రేడియో దగ్గరివారిని కలుపు సాధనము. దానిని కొన్నవారు మాట్లాడుటకు ముందు వినుట నేర్చినచో, ఆ దారిన పోవు అందరికిని అది మేలు చేయును.