అమ్మమ్మ సవరం, రాణిగారి లాకెట్

నా చేతిలో ఉన్నది చూశారా? సవరం. మా అమ్మమ్మది. వేంసూరులో ఆమె ట్రంకుపెట్టె అడుగున దొరికింది. అమ్మమ్మ తల దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టును వేలికి చుట్టి చూరులో దోపేది. అలా ఏళ్ల తరబడి దాచిన జుట్టుతో కట్టించుకున్న సవరం ఇది. ఇప్పుడైతే చిక్కు వెంట్రుకలు కొనే బండి రాగానే స్టీలు గిన్నెకి ఇచ్చేస్తున్నాం.

రాలిన జుట్టుతో అసలు చిక్కేంటో తెలుసా? ఒక వెంట్రుక తీసుకుని, రెండు వేళ్ల మధ్య కుదురు నుంచి కొసకి లాగండి. నున్నగా జారుద్ది. తిరగేసి లాగితే గరుకు తగులుద్ది. ఎందుకంటే వెంట్రుక మీద కంటికి కనపడనంత చిన్న పొలుసులు ఉంటాయి, అన్నీ కొసవైపే వాలి ఉంటాయి. ఉండలో కొన్ని ఇటు, కొన్ని అటు పడితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అందుకే కుదుళ్లన్నీ ఒకవైపు ఉన్న జుట్టుకి గిరాకీ ఎక్కువ. తిరుమల తలనీలాలను టీటీడీ వేలం వేసేది కూడా ఊరికే కాదు మరి!

చిక్కు విప్పాక, మేకులు నిలబెట్టిన పలక మీద దువ్వి, పొడవుల వారీగా వేరుచేస్తారు. బిగించి కట్టిన దారాల మధ్య కొద్దికొద్దిగా వెంట్రుకలను పైకీ కిందకీ తిప్పి అల్లుకుంటూ పోతే తెరలా వేలాడుద్ది. దాన్ని చుట్టి కుట్టేస్తే ఒక పాయ. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ గుర్తుందా? వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటి మగవాళ్లు ఆ వేషం కట్టారంటే, అంత పొడుగు జడ పెట్టుడు జుట్టుతోనే కదా.

ఇంగ్లండులో ఇదే జుట్టు నగ అయింది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక, విక్టోరియా రాణి ఆయన జుట్టు పెట్టిన లాకెట్ వేసుకునేది. స్వీడన్‌లో వోమ్‌హుస్ అనే పల్లె ఆడవాళ్లయితే దేశాలు తిరిగి జుట్టు గొలుసులు అల్లి అమ్మారు. గుండ్రటి బల్ల, మధ్యలో కన్నం, ప్రతి పాయకీ ఒక బరువు. పాయల్ని వరసగా చోటు మారుస్తూ గొట్టంలా అల్లుతారు. నీళ్లలో మరిగించి ఆరబెడితే ఆ ఆకారం అలాగే నిలిచిపోద్ది.

"పోయినోళ్ల జుట్టు ఇంట్లో ఉంచకూడదురా, బండికి ఇచ్చెయ్" అంటోంది పిన్ని. రాణిగారి కథ చెప్తే "ఆవిడ ఇంట్లో ఆవిడిష్టం" అంది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. సవరాన్ని ఒకసారి వాసన చూసి, నా చేతికే ఇచ్చింది. ఒక పాయ దగ్గర దారం ఊడింది. మన సత్తుపల్లి వైపు సవరాలు కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, తీసుకెళ్తాను.