హిమాలయపు చల్లని యేటిలో గాలము వేయబోవు వారికి

జోలార్పేటలో పుట్టి పెరిగిన పిల్లలకు రైలు కొత్తది కాదు. నిండుగా పారు ఏరు మాత్రము కొత్తది. మన పాలారు సంవత్సరములో చాల నెలలు ఇసుకయే. 2021 నవంబరులో వలె ఎన్నడో యొకసారి పొంగివచ్చినచో ఊరంతయు గట్టున నిలిచి చూచును. కావున గాలమనగా మన పిల్లలెరిగినది చెరువుగట్టు, వెదురుకర్ర, దారము, బెండు, కొక్కెమునకు గ్రుచ్చిన ఎర్ర, ఇంతమాత్రమే. చెరువునీరు కదలదు, బెండు కదలినచో చేప వచ్చినట్లు. ఈ విద్య తక్కువది కాదు. కాని వేసవి సెలవులలో ఉత్తరదేశమునకు పోయి కొండయేళ్ళలో ట్రౌటు చేపను పట్టవలెనని ముచ్చటపడు తల్లిదండ్రులు, చెరువుగట్టున నేర్చిన దానిని కొంత మరచి బయలుదేరవలసియుండును.

ట్రౌటు మన దేశపు చేప కాదు. ఐరోపాలోని గోధుమవన్నె ట్రౌటును ఆంగ్లేయులు తమ వినోదము కొరకు గ్రుడ్ల రూపమున తెప్పించి, 1900 ప్రాంతమున కాశ్మీరమునందును, 1909లో హిమాచలములోని కులూ లోయయందును పొదిగించి యేళ్ళలో విడిచిరి. కులూ సమీపమున పట్లీకుహల్‌లో నేటికిని ట్రౌటు పెంపక కేంద్రమున్నది. మన నీలగిరులలోను ఈ చేప కలదు; అంత దూరమేల యని యెవరైన అడిగినచో వారి ప్రశ్న న్యాయమైనదే. మంచుకొండను, దాని క్రింది యేటిని ఒక్కచోట చూపవలెనన్న కోరికకు మాత్రము ఉదకమండలము చాలదు.

ఈ చేప స్వభావము తెలిసినచో ప్రయాణపు సగము ఏర్పాట్లు వాటంతట అవియే తెలియును. నీటి వేడిమి 20 సెంటీగ్రేడు డిగ్రీలు దాటినచో దానికి కష్టము. చల్లని నీటిలో ప్రాణవాయువు హెచ్చుగా కరగియుండును. అదియే దానికి కావలసినది. ప్రవాహమునకు ఎదురుగా ముఖము పెట్టి, రాతి చాటున వేగము తగ్గిన చోట నిలిచి, కొట్టుకొనివచ్చు పురుగులకై కాచుకొనును. గావున పట్టువాడు దిగువనుండి, దాని వెనుకగా, నీడ నీటిపై పడకుండ మెల్లగా రావలెను. కేకలు వేసినను, గట్టుపై ధనధన నడచినను ఆ పూటకు చేప లేనట్లే. మన పిల్లలకు ఇది మిక్కిలి కష్టమైన పాఠము. పెద్దలకు అంతకంటె కష్టము!

పోదగిన చోటు తీర్థన్ నది. కులూ జిల్లాలో గ్రేట్ హిమాలయన్ జాతీయోద్యానపు టెత్తులలో పుట్టి, బంజార్ ప్రాంతము గుండ పారి, లార్జీ వద్ద బియాస్ నదిలో కలియును. ఆ ఉద్యానమును యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. జోలార్పేట నుండి చెన్నై చేరి, అచటినుండి ఢిల్లీకి సుమారు 2,180 కిలోమీటర్లు, ఒకటిన్నర దినపు రైలు ప్రయాణము. ఢిల్లీలో సాయంకాలము మనాలి బస్సెక్కినచో మరునాటి ఉదయమునకు ఔట్ అను చోట దిగవచ్చును. అచట మనాలి దారిని విడిచి, లార్జీ మీదుగ బంజార్‌కును, దానికి పైన గుశైణికిని పోవలెను. ఏటి యొడ్డుననే బస దొరకును.

హిమాచలములో ట్రౌటు పట్టుటకు మార్చి 1 మొదలు అక్టోబరు 31 వరకే అనుమతి. చలికాలము అవి గ్రుడ్లుపెట్టు కాలము గనుక నవంబరు నుండి ఫిబ్రవరి కడవరకు నిషేధము. అనుమతించిన కాలములోను జులై, ఆగస్టులు పనికిరావు. 2023 జులైలో వరద ఆ జిల్లాలో రోడ్లను, వంతెనలను, ఇండ్లను ఊడ్చుకొనిపోయినది. మన బడికి సెలవులుండు మే నెల ఫరవాలేదు. కాని ఒక సంగతి గమనింపవలెను. పగటి యెండకు పైనున్న మంచు కరగి, మధ్యాహ్నము దాటిన పిమ్మట ఏరు పెరుగును, కలక బారును. తెల్లవారిన మొదలు పది గంటల వరకే గాలమునకు మంచి వేళ. చేపల శాఖ వారి లైసెన్సు తప్పక తీసికొనవలెను. ఎచట పట్టవచ్చునో, ఎన్ని, ఎంత పొడవైనవి ఉంచుకొనవచ్చునో అప్పుడే అడిగి తెలిసికొనవలెను. జాతీయోద్యానము లోపలికి పోవుటకు వేరే అనుమతి కావలెను. ‘అంత కొండలో మనలనెవరు చూచెదరు’ అను మాట మనవారి నోట తరచు విన్నాను. పిల్లల యెదుట ఆ మాట అనకుండుట మేలు.

ఇక వ్రాయక తప్పని సంగతి యొకటి. 2014 జూన్ 8వ తేది సాయంకాలము, ఇదే బియాస్ నదిలో, లార్జీ ఆనకట్టకు దిగువన థలౌట్ అను చోట, హైదరాబాదు నుండి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు కొందరు నీటి నడిమి రాళ్ళపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. పైనుండి ఆనకట్ట నీరు వదలుటచే ఏరు కొన్ని నిమిషములలో పెరిగినది. 24 మంది విద్యార్థులును, వారి వెంట వచ్చిన యాత్రా సంస్థ మనిషి యొకడును కొట్టుకొనిపోయిరి. వారందరును మన తెలుగు ఇండ్ల పిల్లలవంటి వారే. మోకాలి లోతు నీటిని చూచి ఏరింతేయని నమ్మినవారు.

ఈ ప్రమాదము ఎట్లు జరుగునో పిల్లలకు విప్పిచెప్పవలెను. జలవిద్యుత్ కేంద్రమున యంత్రములు నడచుచుండగా నీరు సొరంగము గుండ పోవును. ఆనకట్ట క్రిందనే నదీగర్భము కొంతదూరము సన్నగిలి రాళ్ళు తేలును. విద్యుత్తు అక్కరలేక యంత్రములను తగ్గించినపుడు, చేరిన నీటిని తలుపులెత్తి వదలవలసివచ్చును. అంతవరకు ఎండిన రాయి క్షణములో నది నడుమ పడును. కాబట్టి ఏ ఆనకట్ట దిగువనైనను గాలము వేయుట తగదు. లార్జీకి పైనున్న తీర్థన్‌ను ఎన్నుకొనుటకు ముఖ్య కారణమిదియే. అయినను పై కొండలో కుండపోత కురిసినచో ఆనకట్ట లేని యేరును హఠాత్తుగ పొంగును. తేట నీరు మట్టిరంగు తిరుగుట, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకొనివచ్చుట, ఏటి చప్పుడు మారుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను కర్రను, చేపను అచటనే విడిచి గట్టు ఎక్కవలెను. దిగువకు పరుగెత్తరాదు, పైకే ఎక్కవలెను. నడిమి రాతిపై నిలువరాదు. మోకాలు దాటి దిగరాదు. మంచునీరు తగులగానే ఊపిరి చిక్కును, చేతులు కొంకర్లుపోవును. మన బావులలో ఈదిన నేర్పు అచట అక్కరకు రాదు. పదునాలుగేండ్ల లోపు బిడ్డ ప్రక్కన పెద్దవాడొకడు గాలము పట్టక ఊరకనే నిలువవలెను. ఈ పని తండ్రికి విసుగైనదే. కాని దానికే అతడు వచ్చినది.

సామగ్రి కొద్దిపాటిదే చాలును. రీలుగల తేలికకర్ర యొకటి, మెరయుచు తిరుగు రేకు ఎరలు కొన్ని, ఈకతోను నూలుతోను పురుగువలె కట్టిన కొక్కెములు కొన్ని. కొక్కెపు ముల్లును పట్టుకారుతో నొక్కి చదునుచేసినచో చేప నోరు చీలదు. బిడ్డ వ్రేలికి గ్రుచ్చుకొనినను సులువుగ వచ్చును. పాచిరాళ్ళపై జారని బూట్లు, ఉన్ని చొక్కా, గొడుగుకు బదులు వానకోటు కావలెను. ఉంచుకొనరాని చిన్నచేపను పొడిచేతితో తాకరాదు. దాని మేనిమీది జిగురు పోయినచో రోగము తగులును. చేతులు తడిపి, నీటిలోనే పట్టి, ముఖమును ప్రవాహమునకు ఎదురుగ నుంచి, తానై కదలువరకు ఆగి విడువవలెను.

రైలు చీట్లు ప్రస్తుతము 60 దినముల ముందుగా ఇచ్చుచున్నారు. మే రెండవ వారమున బయలుదేరదలచినవారు మార్చి రెండవ వారమున, పరీక్షల హడావిడిలోనైనను, మరువక కొనవలెను.