జీడిపప్పు డబ్బా దాచెయ్యక్కర్లేదు

ఎండాకాలం వచ్చిందంటే మా నెల్లూరు సముద్రపు ఒడ్డు పల్లెల్లో, సరుగుడు తోటల పక్కన ముంతమామిడి పండ్లు ఎర్రగా, పచ్చగా వేలాడుతుంటాయి. జీడిమామిడినే మేం ముంతమామిడి అంటాం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చిన చెట్టిది. ఇసుక నేలయినా బతుకుతుంది కనుక మన తీరంలో పాతుకుపోయింది.

ఆ తోటల మధ్య పెరిగిన నేను, మా ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని పరీక్షలో తేలగానే జీడిపప్పు డబ్బా అటక మీద దాచేశాను. పాయసంలో కూడా ఎండుద్రాక్షే వేసేదాన్ని. డాక్టరుగారు విని నవ్వారు. కొలెస్ట్రాల్ ఉండేది మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి లాంటి వాటిలోనేనట, చెట్టు నుంచి వచ్చే పప్పులో ఉండదట. జీడిపప్పులో కొవ్వు ఎక్కువే, కానీ అందులో ఎక్కువ భాగం గుండెకు చెరుపు చెయ్యని రకం. మనం దాన్ని నేతిలో వేయించి, ఉప్పూ కారం చల్లి, టీవీ ముందు గిన్నెడు తినడంతోనే వస్తుంది తంటా.

100 గ్రాముల పప్పులో సుమారు 550 క్యాలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇనుము, మెగ్నీషియం, జింకు కూడా బాగానే ఉన్నాయి. మాంసకృత్తుల కోసమే అయితే వేరుశనగ ఇంకా మేలు, ధరా తక్కువే. అందుకని ఇప్పుడు మా ఇంట్లో మనిషికి రోజుకు పది పలుకులు, నూనె లేకుండా దోరగా వేయించి ఇస్తున్నాను. కొందరు పిల్లలకు ఇది పడదు. దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చూపించండి.

కొనేటప్పుడు ఒక మాట. ప్యాకెట్ మీద 240, 320 అని ఉంటే, పౌనుకి, అంటే 454 గ్రాములకి, దాదాపు అన్ని గుండ్లు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. బద్దలు, ముక్కలు చవక. బలం మాత్రం అదే! కుర్మాలోకి రుబ్బేదానికి గుండ్లెందుకు చెప్పండి?

పచ్చి గింజలు దొరికితే మాత్రం జాగ్రత్త. ఎనిమిదేళ్ళప్పుడు నేనొకటి పళ్ళతో కొరికి, పెదవులు బొబ్బలెక్కి మూడు రోజులు గంజితోనే గడిపాను. అమ్మ వెన్న రాస్తూనే తిట్టింది. పెంకులోని జీడి అంత మంట. చేతులకు నూనె బాగా పట్టించి, కత్తితో చీల్చి పప్పు తీయాలి. ఆ చేతుల్తో కళ్ళు నలుపుకోకూడదు. పప్పును వేడినీళ్ళలో వేస్తే పైపొట్టు ఊడొస్తుంది.

గుప్పెడు పచ్చి పప్పుకి రెండు మునక్కాయలు, మూడు టమేటాలు చాలు. తాలింపులో ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి మగ్గాక మునక్కాయ ముక్కలు, పప్పు వేసి, గ్లాసు నీళ్ళు పోసి మూత పెట్టండి. పప్పు మెత్తబడ్డాకే టమేటాలు, ఉప్పు, కారం వెయ్యాలి. టమేటా ముందే పడితే పప్పు త్వరగా ఉడకదు. దించి కొత్తిమీర చల్లండి. పచ్చి పప్పు దొరకనివాళ్ళు ఎండు బద్దల్ని రెండు గంటలు నానబెట్టి వేసుకోవచ్చు. ఆ రుచి రాదనుకోండి, అయినా బాగుంటుంది.