లడాఖ్ దారికి ఇంటి ఏర్పాట్లు

మా ఇంటి గోడమీద భారతదేశ పటమొకటి వ్రేలాడుచుండును. మావారు బడిపంతులగుటచే ఆ పటమునకు మా ఇంట దేవుని పటము తరువాతి గౌరవము. గడచిన దసరా దినములలో మా పండ్రెండేండ్ల కుమారుడు సికింద్రాబాదుపై ఒక వ్రేలును, లే పట్టణముపై మఱియొక వ్రేలును ఉంచి, "అమ్మా, మన కారులోనే అంత దూరము పోరాదా?" అని యడిగెను. ప్రక్కగదిలోని మా మామగారు ఆ మాట విని లేచి వచ్చిరి. వారు సైన్యమున గుమాస్తాగా పనిచేసి, యౌవనమున రెండేండ్లు లే యందుండిరి. "కన్ను మూయులోగా ఆ దారి ఇంకొకమారు చూడవలెను, అమ్మాయీ" అని వారనిరి. ఆ రాత్రియే ప్రయాణము నిశ్చయమయ్యెను. నిశ్చయించుట ఒక రాత్రి పని. ఏర్పాటునకు ఆఱు మాసములు పట్టినది. అందు నేను నేర్చినది సోదరీమణులకు కొంతయేని ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మొదట మావారు లెక్క వేసిరి. ఢిల్లీ, జమ్ము, శ్రీనగరుల మీదుగా లే పట్టణము మనకు సుమారు 2,800 కిలోమీటర్లు. దినమునకు 500 చొప్పున ఆఱు దినములలో చేరవచ్చును; రాకపోకలకు పండ్రెండు, చూచుటకు మూడు, మొత్తము పదునైదు దినములని తేల్చిరి. లెక్కలో తప్పులేదు. కాని అది కారునకు సరిపడు లెక్కయే గాని, అందు కూర్చుండు మనుష్యులకు సరిపడునది కాదు. పిల్లల ఆకలి, పెద్దల నడుమునొప్పి, కొండలలో దారి మూతపడుట, పలుచని గాలికి దేహము అలవడుట మున్నగునవి ఆ భాగహారమున లేవు.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర మనలో పెక్కండ్రు వినియేయుందురు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆ మహనీయుడు 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిలో ఆయన స్నేహితునకు వ్రాసిన సంగతులే 1838లో గ్రంథముగా అచ్చుపడినవి. ఆయన హైదరాబాదునుండి నిర్మల మీదుగా నాగపురమునకు పోయెను. నేడు మన బోయినపల్లిలో మొదలిడి మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా పెన్‌గంగను దాటి నాగపురము చేరు జాతీయ రహదారి 44 ఇంచుమించు ఆ దిక్కుననే సాగుచున్నది. ఆ గ్రంథమును ఈసారి నేను యాత్రికురాలి కన్నుతో చదివితిని. ఆయన ప్రతి మజిలీయందును నీరున్నదా, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా అని వ్రాసెను. దూరముకంటె దిగు తావు ముఖ్యమని ఆయనకు తెలియును. నేనును మావారి కాగితమును ప్రక్కకు పెట్టి, మజిలీల పట్టిక వ్రాయ మొదలిడితిని.

మా పట్టిక యిది. మొదటి రాత్రి నాగపురము, రెండవది సాగర్, మూడవది ఆగ్రా, నాలుగవది అంబాలా, అయిదవది జమ్ము, ఆఱవది శ్రీనగరు. ఏడవ దినము శ్రీనగరున విశ్రాంతి. ఎనిమిదవ దినము జోజిలా కనుమ దాటి కార్గిల్. తొమ్మిదవ దినము అచ్చటనే నిలుచుట. పదియవ దినము లే. అక్కడ నాలుగు దినములుండి, పదునైదవ దినమున మరలి, ఎనిమిది దినములలో ఇల్లు చేరుట. ఇవి ఇరువది రెండు. కొండచరియలు విఱిగిపడియో, మంచు కురిసియో దారి నిలిచిపోయినచో పనికివచ్చుటకు మఱి రెండు. మొత్తము ఇరువది నాలుగు దినములు. వేసవి సెలవులలో దక్క బడిపంతులకు ఇన్ని దినములు దొరకవు గనుక మే మాసమును ఎన్నుకొంటిమి. ఆ మాసమున నాగపురము నిప్పులు చెఱుగుచుండును. వేడిమి 45 డిగ్రీలకు చేరుట అచ్చట అరుదు కాదు. కావున మైదానములలో తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరి, మధ్యాహ్నమునకు మజిలీ చేరవలెనని నియమము. చీకటిపడిన పిమ్మట కారు కదలరాదు. ఒక్కరే రెండుగంటలకు మించి నడుపరాదు. ఇందుకొఱకే నేనును ఈ ఆఱు మాసములలో కారు నడుపుట నేర్చి, అనుమతిపత్రము పొందితిని.

నాగపురము దాటిన పిదప దారికి చేరువనే రామటేకు కొండ యున్నది. కాళిదాసుని మేఘసందేశములోని రామగిరి యిదియేయని పండితులలో పెక్కుర యభిప్రాయము. మా నాయనగారు చిన్ననాట నాకా కావ్యము చెప్పునప్పుడు నేను విరహమును మాత్రమే చూచితిని. ఇప్పుడు చూడగా యక్షుడు సందేశముకంటె ముందు దారియే చెప్పుచున్నాడు. అలసినచో ఏ కొండపై నిలువవలెనో, ఎక్కడ నీరు త్రాగవలెనో, దారి వంకరయైనను ఉజ్జయినిని ఏల చూడవలెనో వివరించి, పిమ్మట అలకాపురికి పంపుచున్నాడు. మేఘమునకే విశ్రాంతి ఏర్పఱచిన కవి మనుష్యులకు వలదనునా? ఆ కొండ దాటినంతనే పెంచ్ పులుల అడవి వచ్చును. అచ్చట మృగములు అడుగుభాగమున సంచరించుటకై రహదారిని వంతెనలపై ఎత్తి కట్టినారు. పిల్లలకు చూపదగిన వింత యది.

లే పట్టణమునకు మనాలీ మీదుగా మఱియొక దారి కలదు. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము తెఱచిన తరువాత ఆ దారి సులభమైనదని పలువురు చెప్పిరి. అందమునకు అదియే మేలట. అయినను మేము దానిని వదలితిమి. కనుమల యెత్తుకంటె రాత్రి నిద్రించు తావు యెత్తును ముందు చూడవలెనని వైద్యులు చెప్పిరి. మనాలీ 2,050 మీటర్ల యెత్తున నున్నది. ఆ దారిలో పలువురు రాత్రి దిగు సర్చూ సుమారు 4,300 మీటర్లు. ఒక్క దినమున అంత యెక్కి నిద్రించుట దేహమునకు మంచిది కాదు. శ్రీనగరు 1,600, కార్గిల్ 2,700, లే 3,500 మీటర్లు. మెట్లవలె క్రమముగా నున్నవి. నడుమ ఫోతులా కనుమ 4,100 మీటర్లకు చేరినను, దానిని దాటి వెంటనే దిగుదుము. పైగా మనాలీ దారి తెఱచుటకు మే మాసములో కొంతభాగము గడచిపోవుట కలదు.

గాలిని గూర్చి నాలుగు మాటలు. లే యందు మనకు దొరకు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. చేరిన మొదటి రెండు దినములు మెట్లెక్కుట, బరువులెత్తుట, పరుగులిడుట కూడదు. తలనొప్పి, వికారము, నిద్రపట్టకుండుట మొదటి గుర్తులు. అవి కనిపించినచో ఇంకను పైకి పోరాదు. కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను, నడక తూలినను, మాట తడబడినను తెల్లవారువఱకు వేచియుండక వెంటనే క్రిందికి దిగవలెను, వైద్యుని చూడవలెను. బలవంతునకు రాదనియు, వ్యాయామము చేయువానికి రాదనియు అనుకొనుట పొరపాటు. మందులను వైద్యుని యడిగియే తీసికొనవలెను.

వంటయింటికి సంబంధించిన సంగతి మావారికి తోచనిది, నాకు తోచినది. లే యందు నీరు 88 డిగ్రీలకే తెరలును. ఎంత తెరలినను అంతకు మించి వేడెక్కదు. కందిపప్పు మామూలు గిన్నెలో త్వరగా మెత్తబడదు. కావున చిన్న ప్రెషరు కుక్కరు వెంట నుండవలెను. అటుకులు, పేలపిండి, కందిపొడి, కరివేపాకు పొడి, ఎండు ఖర్జూరములు, బెల్లము మూటగట్టితిని. ఊరగాయ జాడీని మాత్రము నిండుగా నింపి బిగించరాదు. ఎత్తునకు పోవుకొలది లోని గాలి ఉబ్బి నూనె పైకి తన్నును. ఉన్ని బట్టలు, నల్లని కండ్లజోళ్లు, పెదవులకు వెన్నవంటి లేపనము అందఱికిని కావలెను. మన ప్రాంతపు ప్రీపెయిడ్ సిమ్ములు అచ్చట పనిచేయవు. అందుచే నెలసరి బిల్లు చెల్లించు పోస్టుపెయిడ్ సిమ్మొకటి ముందే తీసికొంటిమి. మొత్తము దారి తిరుగుళ్లతో 6,000 కిలోమీటర్లు. మా కారు లీటరునకు పదునైదు కిలోమీటర్లు పోవును గనుక 400 లీటర్ల పెట్రోలు. నేటి ధరలో అదియొక్కటియే నలువది వేల రూపాయలకు పైచిలుకు. అందుకొఱకు ఈ సంవత్సరము ఇంటికి రంగులు వేయుట మానుకొంటిమి.

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి. మా మామగారికి మూడేండ్ల క్రిందట గుండెకు చికిత్స జరిగినది. సంక్రాంతి తరువాత అందఱమును పరీక్ష చేయించుకొంటిమి. వైద్యుడు తక్కినవారిని పొమ్మని, వారిని మాత్రము వలదనెను. ఆ సంగతి వారితో చెప్పుటకు మావారికి నోరు రాలేదు. "కొంతదూరము తీసికొనిపోయి చూతము, బాగుండిన ముందుకు పోవచ్చును" అనిరి. నేను ఒప్పుకొనలేదు. జోజిలా మంచులో నిలిచి తీర్పు చెప్పుకొనుటకంటె సికింద్రాబాదులో ఏడ్చుట మేలని తోచినది. ఒకనాటి సాయంకాలము కాఫీ అందించుచు నేనే చెప్పితిని. వారేమియు ననలేదు. రెండు దినములు పటమున్న గదిలోనికి రాలేదు. మా యత్తగారు కూడ నాతో పొడిపొడిగా మాటాడిరి.

ఆ రెండు రాత్రులును నాకు మహాప్రస్థానమే మనసున మెదలినది. పాండవులు ఉత్తరదిక్కున నడచునప్పుడు మొదట ద్రౌపది పడిపోయినది. ధర్మరాజు వెనుకకు చూడక సాగిపోయెను. అది సర్వమును విడిచి పోవు యాత్ర గనుక వారికదియే ధర్మము. మనది ఇంటికి తిరిగి రావలసిన యాత్ర. మనలో మొదట ఎవరికి కాలు తడబడునో వారి కొఱకు అందఱును వెనుదిరుగవలెను. ఆ మాట దారిలో కాదు, ఇంటనే నిశ్చయింపవలెను; దారిలో నాలుగు దినముల శ్రమయు, చేసిన వ్యయమును, పిల్లల యాశయు మన బుద్ధిని కట్టివేయును. కావున మా పట్టిక క్రింద ఒక నియమము చేర్చితిని: కార్గిల్ నుండి పైకి ఎవరు "దిగుదము" అన్నను, తొమ్మిదేండ్ల మా కుమార్తె యన్నను, కారణము విచారింపక దిగవలెను, ఇల్లు చేరిన పిమ్మట ఎవరును దెప్పరాదు.

మూడవనాటి యుదయము మామగారు నన్ను పిలిచి, "అమ్మాయీ, నీ పట్టిక యేది?" అనిరి. కండ్లజోడు పెట్టుకొని ఆసాంతము చదివిరి. నేను కార్గిల్ మజిలీకి ఒక దినమే వ్రాసియుండగా, దానిని రెండు చేసినది వారే. దినములు పెరుగకుండుటకై లే యందలి అయిదు దినములను నాలుగు చేసిరి. పిదప పట్టికకు మంచి దస్తూరితో నకలు వ్రాసికొని, తమ గదిలో అంటించుకొనిరి. ప్రతిదినము మజిలీ చేరినంతనే మేము వారికి తెలుపవలెను. వారు ఆ తేదీకి ఎదురుగా గీత గీయుదురు. కొండలలో ఒక పూట మాట అందకున్నను కంగారుపడవలదని అత్తగారికి చెప్పుభారము తమదేయనిరి.

బయలుదేరుటకు ఇంకను మూడు వారములున్నవి. నిన్న ఆ గది ఊడ్చుచు నకలును చూచితిని. ఎనిమిదవ దినమునకు ఎదురుగా, కార్గిల్ అను పేరునకు పైన, వారు చిన్న అక్షరములతో ఒక పంక్తి చేర్చియున్నారు: "ద్రాస్‌లో 1999 నాటి వీరుల స్మారకమువద్ద కారు ఆపవలెను. పిల్లలచేత నా పేర పూవులుంచవలెను."