కొన తుంచితే పక్క మొగ్గ లేస్తుంది

పిల్లలూ, పెరట్లో మందారం కొమ్మ ఒకటి పట్టుకుని నిదానంగా చూడండి. ఆకు కాడ కొమ్మను అంటుకున్న మూలలో గింజంత మొగ్గ ఉంటుంది. అలాంటి మొగ్గ ప్రతి ఆకు దగ్గరా ఉంటుంది, ఒక్కొక్కటీ ఒక కొమ్మ కాగలదు. మరి అన్నీ ఎందుకు లేవవు? కొననున్న చిగురు వాటిని లేవనివ్వదు!

చిగురులో ఆక్సిన్ అనే పదార్థం తయారై కిందికి దిగుతుంటుంది. దీని జాడ మొదట పట్టింది చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్. గడ్డి మొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి చూసి, వెలుతురు ఎటుందో పసిగట్టేది కొనేననీ, అక్కణ్ణించి కిందికి ఏదో కబురు వెళ్తోందనీ 1880లో రాశారు. ఆ కబురు మోసే పదార్థాన్ని 1920ల్లో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల నుంచి అగర్ అనే జెల్లీ ముక్కల్లోకి దింపి చూపాడు. తర్వాత 1930ల్లో థిమాన్, స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్కల తలలు తుంచి, ఆ కోతల మీద ఆక్సిన్ పెట్టారు. చిగురు లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు.

2014లో బఠాణీ మొక్కలు ఇంకో సంగతి చెప్పాయి. ఆకుల్లో తయారైన చక్కెరను ఎక్కువగా లాక్కునేది కొన చిగురే. అది పోగానే ఆ చక్కెర పక్క మొగ్గలకు మళ్లుతుంది. కుళాయి దగ్గర ముందున్నవాళ్లు వెళ్లిపోతే వెనకవాళ్ల బిందె నిండినట్టన్నమాట. అందుకే తులసి కంకులు తుంచితే మొక్క గుబురవుతుంది. మునగ మొక్క రెండున్నర అడుగులకు రాగానే తల తుంచితే పక్క కొమ్మలొచ్చి, కాయలు చేతికందుతాయి.

అయితే కత్తెర పట్టేముందు ఒక్కటి తెలుసుకోవాలి: ఈ మొక్క ఎక్కడ పూస్తుంది? మల్లె, గులాబీ, జామ కొత్త చిగుళ్ల మీద పూస్తాయి. కనుక కత్తిరిస్తే పూత పెరుగుతుంది. మల్లెతోటల వాళ్లు చలికాలంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేది వేసవి పూలకోసమే. మామిడి దారి వేరు. ముదిరిన కొమ్మల చివర్లే చలికాలంలో పూతకొస్తాయి. కాయలు కోసిన వెంటనే, తొలకరి రోజుల్లో కత్తిరించాలి. కార్తీకంలో కోశామా, ఆ ఏటి కాయల్ని కోసుకున్నట్టే. సొరపాదుకు అసలు తీగ మీద ఎక్కువగా మగపూలే పూస్తాయి. కొన తుంచితే వచ్చే పక్క తీగల మీద ఆడపూలు పెరుగుతాయి. ఇక కొబ్బరి జోలికి పోవద్దు. దానికున్న మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టే పోతుంది.

ఎక్కడ కోయాలన్నదీ ముఖ్యమే. సన్నకొమ్మనైతే బయటివైపు చూసే మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా కోయండి. కొత్త రెమ్మ బయటికి సాగుతుంది, పొద నడుమ గాలీ వెలుతురూ ఆడతాయి. పెద్దకొమ్మ మొదట్లో ఉబ్బెత్తు పట్టు ఒకటి కనిపిస్తుంది. కోత దానికి సరిగ్గా బయట పడాలి. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా చీల్చి చూసి, చెట్టుకు గాయం మన ఒంటి మీదలా మానదని చెప్పాడు. దెబ్బతిన్న కణజాలం మళ్లీ కొత్తది కాదు. చెట్టు దాని చుట్టూ అడ్డుకట్టలు కట్టి, పైన కొత్త చెక్కతో మూసేస్తుంది. ఆ మూత పుట్టేది ఈ పట్టులోంచే. కాండానికి ఒరుసుకుంటూ కోస్తే పట్టు పోతుంది. మోడు మిగిల్చినా అది కుళ్లి లోపలికి పాకుతుంది.

ఎండినదీ, తెగులు తగిలినదీ, ఒకదానికొకటి రాసుకునేదీ ముందు తీయండి. పచ్చనిది మాత్రం ఒక్కసారే మూడోవంతుకు మించి తీయొద్దు. కొత్త మొగ్గలు లేవడానికి చక్కెర పంపాల్సింది ఆ మిగిలిన ఆకులే.