మీకు తెలుసా? చేను రైతుది, బాట అందరిదీ

ఇంగ్లండు పల్లెల్లో ఊరు దాటగానే కంచె పక్కన ఒక చెక్క స్తంభం, దాని మీద పసుపు బాణం కనిపిస్తాయి. బాణం చూపే వైపు గోధుమ చేను ఉండొచ్చు, గొర్రెల బీడు ఉండొచ్చు, ఒక్కోసారి ఎవరిదో ఇంటి పెరడే ఉండొచ్చు. ఏది ఉన్నా నడిచి వెళ్లిపోవచ్చు. యజమానిని అడగక్కర్లేదు. టికెట్టు లేదు, వేళలు లేవు. నేల మాత్రం పూర్తిగా ప్రైవేటు ఆస్తే. నడిచే మనిషికి ఇంత గౌరవం ఇచ్చిన ఏర్పాటు లోకంలో అరుదు. అందుకే దాని వెనకున్న కథలు కొన్ని చెప్పుకోవాలి.

◆ ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలా జనానికి హక్కున్న బాటలన్నీ కలిపితే సుమారు 2,25,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ వెంట ఐదు చుట్లు తిరిగినా ఇంకా మిగులుతుంది. పసుపు బాణం కాలినడకకు. నీలం బాణం ఉన్న దారిలో గుర్రం మీదా, సైకిలు మీదా కూడా వెళ్లొచ్చు. ఎర్ర బాణం ఉంటే మోటారు బండ్లకూ అనుమతి ఉన్నట్టే.

◆ ఈ బాటల్లో ఎక్కువ భాగం ఏ ప్రభుత్వమూ వేయలేదు. నడిచీ నడిచీ జనమే వేశారు. ఒక దారిలో ప్రజలు 20 ఏళ్లపాటు అడ్డులేకుండా నడిస్తే, దాన్ని యజమాని జనానికి వదిలేసినట్టే లెక్క అని 1980 నాటి హైవేల చట్టం చెబుతోంది. అయితే ఆ నడక బలవంతంగా సాగకూడదు, దొంగచాటుగా సాగకూడదు. మూడో షరతే విచిత్రం: అనుమతి తీసుకుని నడవకూడదు! యజమాని దయతో నడిచిన నడక ఎన్నేళ్లయినా హక్కు కాదు. అందుకే కొందరు భూస్వాములు ఏడాదికి ఒక్కరోజు గేటుకు తాళం వేసి, ఇది నేనిచ్చిన అనుమతేనని రుజువు ఉంచుకుంటారు. హక్కు ఒకసారి ఏర్పడ్డాక మాత్రం వాడనంత మాత్రాన పోదు. వందేళ్లు ఎవరూ నడవకపోయినా, ముళ్లపొదలు కమ్మేసినా, చట్టం దృష్టిలో ఆ దారి దారే.

ఈ 20 ఏళ్ల లెక్క మనకు కొత్తదేమీ కాదు. మొదటి నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనూ అది ఉంది. కాకపోతే ఆ లెక్కన మన దగ్గర దక్కేది పక్కవాడి పొలం మీదుగా తన చేనికి వెళ్లే రైతు హక్కు. ఇంగ్లండులో అది దారినపోయే ప్రతివారి హక్కుగా ఎదిగింది. గ్రామ నక్షాలో ఉన్న పుంతలు, డొంకలు కళ్లముందే ఆక్రమణల్లో కలిసిపోవడం చూసినవారికి ఈ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు.

◆ వారాంతపు షికారుకు పనికొస్తున్న ఈ దారులు ఒకప్పుడు పనిదారులు. కూలీలు పొలానికి, పిల్లలు బడికి, ధాన్యం బస్తాతో రైతు నీటి మరకు, అందరూ చర్చికి వెళ్లిన దారులు. వాటిలో శవాల బాటలూ ఉన్నాయి. యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ లోయలో చాలాకాలం గ్రింటన్ ఊళ్లో తప్ప పాతిపెట్టే చోటు లేదు. లోయ పైకొసన ఉన్న కెల్డ్ చుట్టుపక్కల ఎవరైనా పోతే, శవాన్ని మోసుకుంటూ కొండదారిలో మైళ్లకు మైళ్లు నడవాల్సిందే. 1580లో ఆ దారిలోనే ఉన్న మ్యూకర్‌లో చర్చి వచ్చాకే వాళ్ల కష్టం కొంత తీరింది. లేక్ డిస్ట్రిక్ట్‌లో రైడల్ నుంచి గ్రాస్‌మియర్ వెళ్లే బాట కూడా అలాంటిదే. మోసేవాళ్లు శవపేటికను దించి ఊపిరి తీసుకున్న చదును రాయి అక్కడ ఇప్పటికీ ఉంది.

◆ మ్యాపులు లేని రోజుల్లో ఊరి పొలిమేర గుర్తుండేదెలా? ఏటా వసంతంలో పాస్టరు, పెద్దలు, పిల్లలు కలిసి తమ చర్చి పరిధి అయిన పారిష్ సరిహద్దంతా నడిచేవారు. హద్దురాయి వచ్చినచోటల్లా మగపిల్లల్ని ఆ రాయికేసి కుదేయడమో, బెత్తంతో ఒకటి తగిలించడమో చేసేవారు. నొప్పితో పాటు హద్దు కూడా జీవితాంతం గుర్తుండాలని! ఆ నడక కొన్ని ఊళ్లలో ఇంకా జరుగుతూనే ఉంది. కొట్టడం మాత్రం రాళ్లకే పరిమితం.

◆ బాట పక్కన పెరిగిన చెట్ల కంచెను చూసి ఆ కంచె వయసు అంచనా కట్టొచ్చు. మ్యాక్స్ హూపర్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇది: 30 గజాల కంచెలో ఎన్ని రకాల చెట్లూ పొదలూ ఉంటే దాని వయసు దాదాపు అన్ని వందల ఏళ్లు. అన్ని చోట్లా సరిపోదు కానీ, నడుస్తూ లెక్కపెట్టడానికి ఎంతో ఆసక్తిగా ఉంటుంది. ఒకేరకం ముళ్లపొదతో తిన్నగా సాగే కంచెలు చాలావరకు భూముల ఆవరణ చట్టాల కాలంలో పుట్టినవి. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు ఇలాంటివి 5,200కు పైగా చేసింది. ఊరుమ్మడి బీళ్లు, పొలాలు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండులో ఐదోవంతుకు పైగా, వాటితో కంచెల్లోకి వెళ్లిపోయాయి. హెల్ప్‌స్టన్ ఊరి కూలీ కవి జాన్ క్లేర్ కళ్లముందే ఆయన తిరిగిన బీళ్లు మూతపడ్డాయి. ఆ బాధ ఆయన కవిత్వమంతా పరుచుకుని ఉంది.

◆ బాట ఉన్న చేనును రైతు దున్నుకోవచ్చు. కానీ చేను మధ్యగా పోయే కాలిబాటను 14 రోజుల్లోగా కనీసం ఒక మీటరు వెడల్పున మళ్లీ సరిచేసి చూపించాలి. గట్టు వెంబడి పోయే బాటనైతే దున్ననే కూడదు. పాడి జాతి ఆబోతు పది నెలలు దాటితే బాట ఉన్న బీట్లో వదలకూడదు. జెర్సీ, హోల్‌స్టీన్, గ్వెర్న్‌సీ లాంటి ఏడు జాతుల పేర్లు చట్టంలోనే ఉన్నాయి. మాంసం జాతి ఆబోతునైతే ఆవులతో కలిపి వదలొచ్చు. నిజానికి నడిచేవాళ్లు ఎక్కువ భయపడాల్సింది దూడల తల్లులకు, అదీ వెంట కుక్క ఉన్నప్పుడు. ఆవులు తరిమితే కుక్క తాడు వెంటనే వదిలేయాలి. కుక్క పరుగెత్తి తప్పించుకోగలదు, మనిషి తప్పించుకోలేడు.

◆ కొండల మీద నడిచినందుకు జైలుకు వెళ్లినవాళ్లున్నారు. మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల పొగలో వారమంతా పనిచేసేవాళ్లకు కనుచూపు మేరలో ఉన్న ఎత్తైన నేల కిండర్ స్కౌట్. 636 మీటర్ల ఆ గుట్టను గ్రౌజ్ పిట్టల వేట కోసం ప్రభువులు మూసేసుకుని కాపలా పెట్టారు. 1932 ఏప్రిల్ 24, ఆదివారం. 20 ఏళ్ల బెన్నీ రాత్‌మన్ హేఫీల్డ్ దగ్గర క్వారీలో బండ మీద నిలబడి మాట్లాడాడు. ఆ తర్వాత కొన్ని వందల మంది కుర్రాళ్లు, అమ్మాయిలు కొండెక్కారు. కాపలాదార్లతో తోపులాట జరిగింది. ఇతరుల నేల మీద నడవడం అప్పటి చట్టంలో నేరం కాదు కాబట్టి అల్లరిమూక కేసు పెట్టి ఐదుగురిని జైలుకు పంపారు. రాత్‌మన్‌కు నాలుగు నెలలు పడింది.

ఆ శిక్షలు చూశాక జనం సానుభూతి నడిచేవాళ్ల వైపు మళ్లింది. 1949లో వచ్చిన చట్టం ప్రతి జిల్లా తన బాటలన్నీ అధికారిక మ్యాపులో చూపాలంది. 1951లో కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది. కిండర్ పాదం నుంచి ఉత్తరంగా స్కాట్లండు దాకా సాగే 268 మైళ్ల పెన్నైన్ వే 1965లో తెరుచుకుంది, అదీ ఏప్రిల్ 24నే. 2000 నాటి చట్టంతో ఇలాంటి కొండలు, బీడు నేలల మీద బాట వదిలి కూడా తిరిగే హక్కు వచ్చింది. 1932లో ఆ కొండకు యజమాని అయిన డ్యూక్ మనవడు, 70 ఏళ్ల తర్వాత అదే చోట అందరి ముందూ తన తాత చేసింది తప్పని క్షమాపణ చెప్పాడు. ఆస్తిపరుడు అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

◆ చాలా ఊళ్లలో పొలిమేర దగ్గర బాట ఠక్కున ఆగిపోతుంది. అవతల పారిష్‌లో దాని ఊసే ఉండదు. కారణం 1950ల నాటి సర్వే. ఏ పారిష్‌కు ఆ పారిష్ తన దారులు రాసిచ్చింది. శ్రద్ధగా రాసినవాళ్లు రాశారు, వదిలేసినవాళ్లు వదిలేశారు. నడిచేవాళ్ల సంస్థ ర్యాంబ్లర్స్ పిలుపుతో వేలాదిమంది స్వచ్ఛందంగా పాత మ్యాపుల్ని కొత్తవాటితో పోల్చి చూస్తే, దాదాపు 49,000 మైళ్ల బాటలు అధికారిక మ్యాపులకు ఎక్కకుండా పోయినట్టు 2020లో తేలింది. వీటిని 2026 జనవరి 1లోగా నమోదు చేయకపోతే హక్కు పోతుందని ముందు గడువు పెట్టారు. తర్వాత దాన్ని 2031కి జరిపారు. అసలు గడువే ఎత్తేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఈలోగా రిటైరైన టీచర్లు, గుమస్తాలు జిల్లా దస్త్రాల గదుల్లో కూర్చుని పాత ఆవరణ పత్రాలు, చర్చి పన్ను పటాలు తిరగేస్తూ ఒక్కో బాటకు ఒక్కో దరఖాస్తు రాస్తూనే ఉన్నారు.